మా సులోచనక్క చెప్పిన ఫిట్సు పాఠం

పోయిన నెల నిజామాబాదు కంఠేశ్వర్‌లో ఒక ఆసుపత్రి వాళ్లు మూర్ఛ వ్యాధి గురించి సభ పెట్టి, ఆ జబ్బుతో ఏండ్ల తరబడి కాపురం చేసినవాళ్లు ఎవరైనా నాలుగు మాటలు చెప్తే బాగుంటుందని మా సులోచనక్కను పిలిచారు. అక్కకు అరవై దాటాయి. బోధన్‌లో చిన్న కుట్టు దుకాణం నడుపుతుంది. తోడుకని నన్ను వెంట పెట్టుకొని పోయింది. ముందుగా ఒక కుర్ర డాక్టరు తెర మీద మెదడు బొమ్మ చూపించి అరగంట సేపు వివరించాడు. బొమ్మలో ఎర్ర గీతలు, నీలం గీతలు వచ్చిపోతున్నాయి. జనం ఆవులిస్తున్నారు. తరువాత అక్క మైకు అందుకొని, "సారు చెప్పిందంత నిజమే. గని నాకు మెదడు సంగతి తెల్వది. కింద పడుడు, మళ్ల లేసుడు, గంతే తెలుసు. లేసేసరికి నా చేతుల ఏమేం ఉంటుండెనో చెప్త, ఇనుండ్రి" అన్నది. రెండు నిమిషాల్లో హాలంతా నవ్వులే. మెదడు డాక్టరు కూడా కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అందరికంటే ఎక్కువ నవ్వవలసినదాన్ని నేను. అక్క చెప్తున్న ప్రతి దాంట్లో నేనున్నాను. కానీ ఒక ముక్కను అక్క దాటేసింది, అక్కడ మాత్రం నాకు నవ్వు రాలేదు. సభలో చెప్పని ఆ ముక్కను ఇక్కడ నేను చెప్తాను.

బోధన్ అవతల, చెరుకు పొలాలను ఆనుకొని మా వాడకట్టు ఉండేది. చెరుకు ఆడే కాలం వచ్చిందంటే గాలే తియ్యగా మారిపోయేది. ఉడికిన చెరుకు రసం వాసన, దాని వెనకాల మొలాసిస్ పులుపు వాసన, ఆ రెండూ బట్టల్లో, అన్నంలో, పుస్తకాల్లో చేరేవి. బాపు, అంటే మా నాన్న, చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని చేసేవాడు. ఇంటికొచ్చి అంగీ విప్పి దండెం మీద వేస్తే చాలు, కాసేపట్లో దాని మీద చీమలు బారులు తీరేవి. అమ్మ ఉతకడానికి ముందు ఆ అంగీని గోడ అవతలికి దులిపేది. గోడ అవతల గంగవ్వ ఇల్లు. "నీ మొగడు కష్టం చేస్తె నా ఇంట్లకు చీమలేందే?" అని గంగవ్వ అరిచేది. ఆ అరుపుతో మా ఇంట్లో పొద్దు గూకినట్టు లెక్క. గంగవ్వకు ముందూ వెనకా ఎవరూ లేరు. నోట్లో నాలుగు పళ్లు మిగిలాయి. మా ఇంట్లో ఏ చెంబు ఎక్కడుందో అమ్మకంటే ఆమెకే బాగా తెలుసు.

అక్కకు పన్నెండేండ్లప్పుడు మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. అప్పటినుంచి నెలకు ఒకటి రెండుసార్లు వచ్చేవి. నిలబడ్డది నిలబడ్డట్టే బిగుసుకొని, పడిపోయి, కాళ్లూ చేతులూ కొట్టుకునేది. అంతే, గంగవ్వ కేక వేసేది. వాడకట్టు మొత్తం వచ్చి మా వాకిట్లో వాలేది. చేతిలో ఇనుము పెడితే తగ్గుతుందని అందరి నమ్మకం. అందుకని ఎవరి మొలతాడుకున్న తాళం చాబీలు వాళ్లు విప్పి అక్క పిడికిట్లో కుక్కేవాళ్లు. ఒకరు ఉల్లిగడ్డ పగలగొట్టి ముక్కు దగ్గర పెట్టేవాళ్లు. ఇంకొకరు చెప్పు. ఏ చెప్పు వాసనకు ఎక్కువ గుణముందో అక్కడే వాదన జరిగేది. ఒకసారి అమ్మ కంగారులో నోట్లో చెంచా పెట్టింది. అక్క ముందు పన్ను సగం విరిగింది. చెంచా వంకర పోయింది. అక్క లేచి కూర్చొని, నెత్తురు ఉమ్మి, చుట్టూ చూసి, "ఉల్లిగడ్డలు ఎన్నొచ్చినయి?" అని అడిగింది. ఆ పూట మా ఇంట్లో ఉల్లిగడ్డ పులుసు. అవి తెచ్చినవాళ్లే పులుసు ఘాటెక్కువైందని వంకలు పెట్టారు.

ఇన్ని జరుగుతున్నా, బాపు లెక్కలో ఇది రహస్యం. "ఇంట్ల మాట బయటికి పోవద్దు" అని మాకు కచ్చితంగా చెప్పేవాడు. వాకిట్లో ముప్పై మంది చూసిన సంగతి బయటికి ఇంకా ఎక్కడికి పోతుందో నాకు అర్థమయ్యేది కాదు. ఎవరైనా "పిల్ల ఎట్లున్నది?" అని అడిగితే, బాపు "దానికేమైంది? ఎండకు కండ్లు తిరిగినయి" అనేవాడు. వానాకాలంలో కూడా ఎండకే తిరిగేవి.

అక్క తొమ్మిదో తరగతిలో ఉండగా బడిలో ఫిట్స్ వచ్చాయి. నేను అయిదు చదువుతున్నాను. పిల్లలందరూ గుంపుగా మూగారు. నా పక్కనున్న పిల్ల, "గామె మీ అక్కనా?" అని అడిగింది. నేను "కాదు, మా పక్కింటామె" అన్నాను. ఎందుకన్నానో నాకు తెలుసు, మీకూ తెలిసే ఉంటుంది. అప్పటికే అక్కకు తెలివి వచ్చిందని మాత్రం నాకు తెలియదు.  ఆ సాయంత్రం ఇంట్లో అన్నానికి కూర్చున్నప్పుడు అక్క, "ఓ పక్కింటి పిల్లా, జర గ్లాసు అందియ్యి" అన్నది. అమ్మకు అర్థం కాలేదు. నేను తల దించుకొని గ్లాసు అందించాను. ఆ రోజు నుంచి నేను పక్కింటి పిల్లనే. "పక్కింటి పిల్లా, జడ ఏస్త రా", "పక్కింటి పిల్లా, దుప్పటి గుంజకు". కోపమైనా చేస్తే బాగుండేది. నవ్వుతూ పిలిచేది, విరిగిన పన్ను కనబడేట్టు.

పెద్దసారు బాపును పిలిపించాడు. "పిల్లలు భయపడుతున్నరు. ఇంటికాడనే ఉంచుండ్రి. పదో తరగతి పరీక్షలు ప్రైవేటుగ రాయించుకోండ్రి" అన్నాడు. బడి మీద అక్కకు మహా ప్రేమేమీ లేదు, లెక్కలంటే అసలే లేదు. కానీ రావద్దన్నాక, రోజూ పొద్దున జడ వేసుకొని, సంచి భుజాన వేసుకొని, దర్వాజలో నిలబడి వచ్చీ పోయే పిల్లలను చూసేది. నీళ్ల దగ్గరికి పోవద్దు, పొయ్యి దగ్గరికి పోవద్దు, చెట్టెక్కవద్దు, ఒంటరిగా కాలువ దిక్కు పోవద్దు. ఇన్ని వద్దుల వల్ల ఇంటిపని మొత్తం నా మీద పడింది. బోళ్లు తోమమంటే అక్క, "అమ్మో, నీళ్లు!" అని గుండె మీద చెయ్యి వేసుకొనేది.

దేవరలకు మొక్కులయ్యాయి. చందూరు దిక్కున ఒకాయన మంత్రించి తాడు కడతాడంటే పోయారు, ఇంకెవరో చెబితే ఇంకెక్కడికో పోయారు. అక్క దండచేతికి ఎరుపు, నలుపు, పసుపు తాళ్లు మోచేతి దాకా దిగాయి. అవి తడిసి దురద పెడితే నా చేత గోకించుకొనేది. ఫిట్స్ మాత్రం ఎప్పటిలాగే వచ్చిపోయేవి. చివరికి మమ్మల్ని డాక్టరు దాకా చేర్చింది ఏ దేవరా కాదు, నర్సింలు మామ.

నర్సింలు మామ చెరుకు కాంటా దగ్గర కాపలాదారు. బండ్లు తూచే గది చాబీలు ఆయన దగ్గరే ఉండేవి. పిడికెడంత గుత్తి. ఒకరోజు పొద్దున్నే కాంటా తెరవడానికి సైకిలు మీద పోతున్నాడు. సరిగ్గా మా వాకిలి ముందుకొచ్చేసరికి అక్క పడింది. గంగవ్వ సైకిలుకు అడ్డం పోయి, "చాబీలు తియ్యిరా!" అని గద్దించింది. పెద్ద ఇనుము, మంచి ఇనుము అని వాడకట్టంతా సంతోషపడింది. ఫిట్స్ రెండు నిమిషాల్లో ఆగాయి. అక్క గాఢంగా నిద్ర పోయింది, చాబీల గుత్తి మీద చెయ్యి వేసుకొని. మామ మెల్లగా తీసుకోబోతే గంగవ్వ పట్టనీయలేదు. "పిల్ల తనంతట తాను ఇయ్యాలె. గుంజుకుంటె మళ్ల వస్తది" అన్నది. ఈ నియమం అంతకుముందు ఎప్పుడూ లేదు, అప్పుడే పుట్టింది. మామ పాపం మా గడప మీద కూలబడ్డాడు.

అక్కడ కాంటా ముందు చెరుకు బండ్లు నిలిచాయి. పది, ఇరవై, తరువాత మా వాడ మలుపు దాకా. ఎద్దులకు ఏం తొందర? ప్రతి ఎద్దూ ముందు బండిలోని చెరుకును తీరిగ్గా నమలడం మొదలుపెట్టింది. అందరి చెరుకూ ఎవరి ఎద్దుకో మేత అవుతుంటే రైతులు లొల్లి చేశారు. చివరికి ఒక ఫ్యాక్టరీ ఆఫీసరు జీపులో వెతుక్కుంటూ మా ఇంటికే వచ్చాడు. ఆయన వెనక చర్నాకోలలతో బండ్లవాళ్లు. సరిగ్గా అప్పుడే అక్క కండ్లు తెరిచింది. ముక్కు దగ్గర ఉల్లిగడ్డ, తల చుట్టూ చెప్పులు, ఎదురుగా టోపీ పెట్టుకున్న ఆఫీసరు, ఏడుపు మొహంతో మామ. "ఎవలి పెండ్లి?" అని అడిగింది.

బాపు "ఎండకు సార్..." అని మొదలుపెట్టాడు. చలికాలం పొద్దున ఏడున్నర. ఆఫీసరు బాపును పక్కకు తీసుకుపోయి ఏదో మాట్లాడాడు. తిట్టలేదు. తన తమ్ముడికీ ఇదే ఉన్నదని, నిజామాబాదులో డాక్టరు దగ్గర మందు గోలీలు వాడుతున్నాడని చెప్పాడట. మరునాడే బాపు సెలవు పెట్టి, అక్కనూ అమ్మనూ నన్నూ నిజామాబాదు బస్సెక్కించాడు. గంగవ్వ పిలవకుండానే ఎక్కింది.

డాక్టరు ముసలాయన. "ఫిట్స్ వచ్చినప్పుడు మీరు ఏం చేస్తరు?" అని అడిగాడు. గంగవ్వ గర్వంగా చాబీలు, ఉల్లిగడ్డ, చెప్పు, చెంచా అన్నీ వరుసగా చెప్పింది. ఆయన కలానికి మూత పెట్టి పక్కన పెట్టాడు.

"బస్టాండుల నిలబడి నువ్వు చప్పట్లు కొట్టినవనుకో అవ్వా. అంతల బస్సొచ్చింది. చప్పట్లకే వచ్చిందంటవా?"

"అనను. బస్సు టైముకు వస్తది."

"ఇది గూడ గంతే. రెండు మూడు నిమిషాలకు అదే ఆగుతది. చాబీలకు ఆగది. నోట్ల ఏం పెట్టొద్దు, పన్ను ఇరుగుతది, ఊపిరి ఆడది. గట్టిగ అదిమి పట్టొద్దు. పక్కకు ఒరిగించుండ్రి, తల కింద మెత్తటిది పెట్టుండ్రి, గడియారం సూడుండ్రి. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్ల వచ్చినా దవాఖానకు తేవాలె. లేదంటె పక్కన కూసొని, లేసినంక మంచిగ మాట్లాడుండ్రి." తరువాత అక్క దిక్కు తిరిగి, "ఇది దయ్యం కాదు, పాపం కాదు, అంటుకునేది కాదు. గోలీ మాత్రం ఒక్క పూట గూడ మరువద్దు" అన్నాడు. నేను నేర్చుకున్న పాఠాలన్నింటిలో ఇంకా వరుస తప్పకుండా అప్పజెప్పగలిగేది ఇదొక్కటే.

గోలీలతో ఫిట్స్ బాగా తగ్గాయి. పూర్తిగా పోలేదు, కానీ నెలలు దాటి వచ్చేవి. బాపుకు కొత్త చిక్కు వచ్చింది. రోజూ రెండు పూటలా పిల్ల గోలీలెందుకు వేసుకుంటుందని ఎవరైనా అడిగితే? "బలం గోలీలు" అని చెప్పాలని మాకు నేర్పాడు. అక్క అసలే పొడగరి, గట్టి మనిషి. వాడకట్టు నమ్మింది. డాక్టరు దగ్గర మా పక్కనే కూర్చున్న గంగవ్వ కూడా నమ్మింది. అవి వేరు, ఇవి వేరు అనుకున్నది. ఒక మధ్యాహ్నం అమ్మ ఇంట్లో లేనప్పుడు వచ్చి, "మోకాళ్లు గుంజుతున్నయి బిడ్డా, బలం గోలీ ఒక్కటియ్యే" అన్నది. రహస్యం కాపాడటం నా బాధ్యత. ఇచ్చాను.

పెరట్లోంచి వచ్చిన అక్క చూసింది. గోలీ గంగవ్వ నోట్లోకి పోతున్నది. అక్క ఒక్క దూకు దూకి, రెండు వేళ్లు నోట్లో పెట్టి గోలీ బయటికి లాగింది. గంగవ్వకున్నవి నాలుగే పళ్లు, నాలుగూ అక్క వేలి మీద దిగాయి. ఇద్దరూ వాడకట్టు అదిరేట్టు అరిచారు. జనం చాబీలు పట్టుకొని ఉరికొచ్చారు.

అక్క వేలు ఊదుకుంటూ వాకిట్లోని అరుగు గద్దె ఎక్కి నిలబడింది. "ఇనుండ్రి! ఇవి బలం గోలీలు గావు. ఫిట్సు గోలీలు. నాకు ఫిట్సున్నయి. ఎవలన్న తినేరు, సస్తరు!"

"నీకు ఫిట్సున్నయని మాకు తెల్వదానే?" అన్నది గంగవ్వ. "అన్ని ఉల్లిగడ్డలు ఎవలు పెట్టిండ్రు? మరి మీ బాపు అబద్ధమెందుకు ఆడిండు?"

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన బాపు గుంపు వెనకాలే ఉన్నాడు. అందరూ తిరిగి చూశారు. ఆయన అంగీ గుండీలు విప్పుతూ, మళ్లీ పెట్టుకుంటూ, "నా బిడ్డను ఎవలన్న ఒక్క మాట అంటరేమోనని భయమైంది" అన్నాడు.  గంగవ్వే ముందుగా తేరుకొని, "సరే తియ్యి. ఇగ దాసుడెందుకు? ఆ డాక్టరు చెప్పింది మా అందరికి మళ్ల చెప్పు" అని గద్దె కింద బాసింపట్టు వేసుకొని కూర్చున్నది. ఆ సాయంత్రం అక్క మా వాడకట్టుకు మొదటి పాఠం చెప్పింది. గంగవ్వ ప్రతి మాటకూ, "నేను అక్కడ్నే ఉన్న, నిజమే" అని సాక్ష్యం చెప్పింది.

వారం తిరక్కుండా అక్క బడికి పోయింది. వెంట గంగవ్వ, నేను. పెద్దసారు మైదానంలో ప్రార్థన చేయిస్తున్నాడు. అక్క ఆయన దగ్గరికి పోయి, "సార్, నేను బడికొస్త. పిల్లలు భయపడొద్దంటె ఏం చెయ్యాల్నో నేర్పిస్త. పది నిమిషాలియ్యుండ్రి" అన్నది. ఆయన వాచీ చూసుకొని సరేనన్నాడు, ఏదో ఉపన్యాసం ఇస్తుందనుకున్నట్టున్నాడు. అక్క నా దిక్కు చూసి కనుసైగ చేసింది. మేము ఇంట్లో మూడు రోజులు సాధన చేశాం. నేను రోగిని.

నా పక్కన నిలబడ్డది అప్పటి ఆ పిల్లే. "ఆమె మా సొంత అక్క" అని దాని చెవిలో చెప్పి, దబ్బున నేల మీద పడ్డాను.

కొంచెం ఎక్కువ చేశానేమో. కండ్లు తేలేశాను, కాళ్లు కొట్టుకున్నాను, ఇంట్లో సాధన చెయ్యని ఒక మూలుగు కూడా కలిపాను. పిల్లలు కేకలు వేశారు. పెద్దసారుకు ఇది ఆట అని ఎవరూ చెప్పలేదు. బీఎస్సీ, బీఎడ్ చదివిన మనిషి, "అయ్యో, దీనికి గూడ!" అని అరుస్తూ ఒంటికాలి మీద గెంతుతూ బూటు విప్పాడు. విప్పి, నా ముక్కుకు ఆనించాడు. ఆ వాసన గురించి రాయడం నా చేతకాదు. నిజంగానే కండ్లు తిరిగాయి.

"సారూ!" అని గంగవ్వ గొంతు మైదానం అవతలి దాకా వినబడింది. "తియ్యి బూటు! గంత సదువు సదివినవు, గింత తెల్వదా? పక్కకు ఒరిగియ్యి! తల కింద నీ రుమాలు పెట్టు! గడియారం సూడు!"

పెద్దసారు బూటు వదిలేసి, ఒక కాలికి మేజోడుతో మోకాళ్ల మీద కూర్చొని, చెప్పింది చెప్పినట్టు చేశాడు. నన్ను పక్కకు తిప్పాడు. తల కింద రుమాలు పెట్టాడు. వాచీ చూస్తూ, "ఒక నిమిషం... ఒకటిన్నర..." అని లెక్కపెట్టాడు. నేను లేచి కూర్చొని నవ్వాను.  అక్క, "గంతే సార్. మీరు మంచిగనే చేసిండ్రు. బూటు ఒక్కటే తప్పు" అన్నది. ముందు ఒక పిల్ల నవ్వింది, తరువాత అందరూ. పెద్దసారు తన మేజోడు దిక్కు చూసుకొని తనూ నవ్వాడు. "రేపటి నుంచి రా" అన్నాడు. ఇంటికి పోతూ అక్క నా జడ పట్టి లాగి, "చెల్లే, మూలుగెందుకు మూలిగినవే?" అన్నది. ఏడాది తరువాత ఆ పిలుపు. 

పదో తరగతిలో అక్కకు ఒకసారి నిజంగానే ఫిట్స్ వచ్చాయి, లెక్కల పీరియడ్‌లో. పిల్లలు బల్ల జరిపారు, పక్కకు ఒరిగించారు, ఒకామె గడియారం చూసింది. అక్క లేచేసరికి ఎవరూ గుంపు కట్టలేదు. "లెక్క అయిపోయిందా?" అని అడిగిందట. కాలేదంటే మళ్లీ పడుకున్నది. తరువాత పెండ్లిచూపుల్లో బాపు నోరు తెరవకముందే, "నాకు ఫిట్సున్నయి, గోలీలు ఏసుకుంట. ఇంకేమన్న అడుగుండ్రి" అన్నది. మా బావ కాసేపు ఆలోచించి, "నాకు గురకుంటది" అన్నాడు. ఆ గురకకు మందు ఇప్పటికీ దొరకలేదు.

కంఠేశ్వర్ సభ ముగిశాక, చెప్పులు వేసుకుంటుంటే ఒకామె నా కొంగు పట్టుకొని లాగింది. తన బిడ్డకూ ఉందని, డిగ్రీ చదువుతుందని, ఇల్లు రెండు గల్లీల అవతలేనని, ఎవరికీ తెలియదని గుసగుసగా చెప్పింది. వెంట పోయాం. మేం లోపలికి అడుగు పెట్టగానే ఆమె తలుపు వేసింది, కిటికీలు వేసింది, పక్కింటికి మాటలు వినబడకుండా టీవీ పెద్దగా పెట్టింది. దాంతో టీవీని మించి అక్క అరవాల్సి వచ్చింది. "గోలీలు టైముకు ఏసుకుంటున్నవా బిడ్డా?" అని అక్క కేక వేస్తే గల్లీలో కుక్క మొరిగింది. ఆ తల్లి నెత్తి పట్టుకొని టీవీ ఆపేసింది.

నాకు మా వాడకట్టు కండ్ల ముందు మెదిలింది. అప్పుడు ఎవరికీ ఏమీ తెలియదు, అయినా ఉరికొచ్చేవాళ్లు. చేసిందంతా తప్పే, కానీ అందరూ వాకిట్లో ఉండేవాళ్లు. ఇప్పుడు మంచి మందులున్నాయి, తెర మీద మెదడు బొమ్మ ఉంది. అయినా పోయిన ఏడాది బస్టాండులో ఈ పిల్ల పడిపోతే నలుగురు ఫోన్లు పైకెత్తి వీడియో తీశారట. అప్పటినుంచి స్నేహితులతో బయటికి పోవడం మానేసిందట. చాబీలు తెచ్చినవాళ్లే నయమని అనను. అక్క పన్ను ఇంకా విరిగే ఉంది. కానీ ఆ ఫోన్లవాళ్లకు పక్కన కూర్చోవాలని కూడా తోచలేదు.

ఆ పిల్ల పేరు కావ్య. అక్కను ఒక్కటే అడిగింది. "ఆంటీ, నేను స్కూటీ నడపొచ్చా?"

"ఇప్పుడైతె వద్దు బిడ్డా. డాక్టరు సరే అనేదాంక వద్దు. గప్పటిదాంక ఎనుక కూసొని, నడిపేటోళ్లను తిట్టు. నేను మీ అంకుల్‌ను నలభై ఏండ్ల సంది అట్లనే నడిపిస్తున్న."

కావ్య నవ్వింది. ఆ నవ్వుకు వాళ్లమ్మ గిర్రున తిరిగి చూసింది, చాలా రోజులకు విన్నట్టు.

"నీ దోస్తుల ఒక్కదానికన్న చెప్పినవా?" అని అక్క అడిగింది. కావ్య తల అడ్డంగా ఊపింది. "నేను చెప్పను, నువ్వే చెప్పాలె" అని అక్క చాయ్ కప్పు అందుకున్నది. కావ్య తల్లి మొహం చూసింది. తల్లి పైటకొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. కావ్య ఫోను తీసి, స్పీకరు పెట్టి ఎవరికో కలిపింది. గొంతు రెండుసార్లు సవరించుకున్నది.

"స్రవంతీ, ఒక మాట చెప్పాలె. నవ్వొద్దు. నాకు ఫిట్స్ ఉన్నయే. ఎప్పుడన్న వస్తె నువ్వు భయపడొద్దు. ఏం చెయ్యాల్నో చెప్త."

 అక్క కప్పు పెదవుల దగ్గరే ఆగింది.  అప్పుడు ఫోన్లో ఏదో డ్రాయరు తెరిచిన శబ్దం, కాగితాలు కదిలిన శబ్దం వినబడ్డాయి.

"ఆగు, పెన్ను దొరుకుతలేదు," అన్నది స్రవంతి. "ఆ, దొరికింది. ఇగ చెప్పు."